తక్కువ వోల్టేజీ రాత్రి

తునికాకు సీజను అయిపోయినంక
సిరొంచల గోదాము ఖాళీ అయితది.
ఆ ఖాళీని నెలకు అరవై రూపాయలకు కిరాయి పట్టిండు సడవలి.
గోడల నిండ గోనెసంచులు, రెండు వరసలు,
నడుమ వరిగడ్డి.
తలుపేస్తే మన నెత్తురు మనకే వినొచ్చేది.
ఆకు వాసన మాత్రం పోలే.
ఎన్ని పాటలు పాడిచ్చినా పోలే.

నా పని పెన్సిలు.
టేపు చిక్కుపడితే తిప్పుడు,
తెగితే మంగలి బ్లేడుతోని కోసి అతుకుడు.
"నిలువుగ కొయ్యకురా, టప్పుమంటది.
ఏటవాలుగ కొయ్యి,
ఒక మాటల నుంచి ఇంకో మాటలకు
పడవ దిగినట్టు దిగాలె."

బీడీ ఆరేదాక ముచ్చట్లు చెప్పేటోడు.
ముందుగాల మైనం మీద గీసిండ్రట పాటను.
అటెనుక లక్క.
"మా తాత మోదుగు కొమ్మల మీంచి గీకి
సేటుకు జోకిన లక్క
కలకత్తా పోయి నల్ల పళ్లెమై తిరిగింది.
ఎవరో బాయి దాని మీద పాడింది.
తాతకు పావలా కూలి."
ఇది చెప్పేటప్పుడు నవ్వేటోడు కాదు.

లచ్చుబాయి ఆషాఢంల వచ్చింది,
నాటు మడిల నుంచి నేరుగ, మడిమెలకు బురదతోని.
మైకును చూసి కొంగు సర్దుకున్నది,
అదేదో పెద్దమనిషైనట్టు.
పాడింది వినిపిస్తే
"ఇది నేను గాదు, మా అవ్వ" అన్నది.
అవ్వ సచ్చి ఇరవై ఏండ్లు.
సడవలి ఏమనలే, రెండో ట్రాకు ఒత్తిండు.
"అయితే అవ్వ ఎనుక నువ్వు అందుకో."

ఆ రాత్రి కరెంటు సన్నబడ్డది.
బల్బు పండుమిరపకాయ రంగుకు దిగింది.
మిషన్ల మోటరు మోకాటిలోతు నీళ్లల్ల నడిచినట్టు నడిచింది.
మాకు తెల్వలే.
భజన మండలి హార్మోనియం ఒకటి,
బయట కప్పలు,
ఏటి ఒడ్డున సాయిలు
"ఆఖరి పడవా... ఆఖరి పడవా..."
రెండు వరసల గోనెలు గూడ ఆయనను ఆపలేదు.
మారుమోతకు మా దగ్గర యంత్రం లేదు.
రాగి గంగాళంల స్పీకరు బోర్లిచ్చి
అంచు మీద మైకు ఆనిచ్చినం,
గొంతుకు గుట్టలంత దూరం దొరికింది.

చంద్రపూర్ల, కరెంటు సక్కగున్న ఊర్ల
ఆ క్యాసెట్టు వేస్తే
నలభై ఆరేండ్ల లచ్చుబాయి
పదారేండ్ల పోరి అయి పాడింది!
బల్లార్షాల పనిచేసే మనోళ్లు అడిగిండ్రట,
ఎవరా పిల్ల, లగ్గమైందా అని.
విని పడిపడి నవ్వింది లచ్చుబాయి.
నవ్వి నవ్వి
ఒక్కతే పోయి గడపల కూసున్నది.

ఇప్పుడు బస్టాండు కాడ నాది మొబైల్ షాపు.
పాత క్యాసెట్లు కంప్యూటర్లకు ఎక్కిస్త,
ఒక్కోటి నూటాయాభై.
లచ్చుబాయి బిడ్డ బిడ్డ, రోహిణి,
బూజుపట్టిన డబ్బా పట్టుకొచ్చింది.

తెర మీద పాట మడికట్ల లెక్క పచ్చగ పరుసుకున్నది.
ఒక మీట చప్పుడు తుడుస్తది,
కప్పలు పోతయి, సాయిలు పోతడు.
ఇంకోటి వేగం సవరిస్తది.
మండలి హార్మోనియం ఇంకా ఉన్నది,
దాని మెట్టు ఒత్తి పోల్చి చూసిన.
నూటికి పదిహేను పాళ్లు ఉరుకుతున్నది టేపు.
తగ్గిస్తే మనిషి తన వయసుకు దిగొస్తది.

"ఏది మా అమ్మమ్మ గొంతు?"
నాకేం తెలుసు బిడ్డా.
సవరించి వినిపిచ్చిన.
ముక్కు ఎగబీల్చింది,
"ఇది మా అమ్మ లెక్కున్నది" అన్నది.

రెండూ పెన్‌డ్రైవుల పోసిచ్చిన,
పైసలు ఒకదానికే తీసుకున్న.
సాయిలును తుడవలే.
ఏటి మీద వంతెన పడ్డది.
ఆఖరి పడవ అని పిలిచే మనిషి
ఇప్పుడు ఆ పాటలనే ఉన్నడు,
ఒకదాంట్ల తొందరగ,
ఒకదాంట్ల నిమ్మలంగ.